వెనక డోరు పట్టేస్తే

వారంగా మా పాత కారు ఎడమ వెనక డోరు లోపల్నించీ రాదు, బయట్నించీ రాదు. మోకాళ్ళ నొప్పితో అమ్మ సీటు మీద జరుగుతా కుడిపక్క దిగాల్సొచ్చింది. కోలారు ఆస్పత్రికి రెండుసార్లు అట్లే పోయొచ్చినాము.

లోపల్నించి మాత్రమే రాకపోతే అది చైల్డ్ లాకు కావచ్చు. బయట హ్యాండిల్ లాగితే వచ్చేస్తుంది. మాది అది కాదు. ఒక మెకానిక్ డోరు కోయాలన్నాడు, మేము ఒప్పుకోలేదు.

లోపల ఒకరు లాకు బటన్ చేత్తో పైకెత్తి పట్టుకున్నాము. బయట ఒకరు డోరును తుంటితో లోపలికి అదిమి హ్యాండిల్ లాగినాము. అదిమితే లాకు మీద బిగువు తగ్గుతుంది. ఊరికే గుంజితే హ్యాండిలే విరుగుతుంది! నాలుగోసారికి వచ్చింది.

లాకు నోట్లో కామసముద్రం దుమ్ము, ఎండిన గ్రీజు. కిరసనాయిలుతో కడిగి కొత్త గ్రీజు పెట్టినాము. డోరు మూయకముందే స్క్రూడ్రైవరుతో లాకు నొక్కి, హ్యాండిల్ లాగి పదిసార్లు చూడండి. వదిలితేనే మూయండి.