పైనుంచి రాలేదు

మా ఖాన్‌దాన్‌లో వకీల్ అంటే నల్లకోటు, కచేరీ ముందు వేపచెట్టు, చెట్టు కింద టైపు మిషన్. జమీన్ తగాదా అయితే సివిల్, కొట్లాట అయితే క్రిమినల్. మూడో రకం ఒకటుంటుందని మాలో ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు లా నాలుగో సంవత్సరం చదువుతున్న మా ఆపా కూతురు ఆ మూడో రకమే చేస్తానంటోంది. సముద్రంలో కట్టే వాటి మీద వచ్చే తగాదాలు. ఆయిల్ ప్లాట్‌ఫాంలు, అడుగున వేసే పైపులైన్లు, నీళ్లలో నిలబెట్టే గాలిమరలు.

ఆపాకు ఫికర్ పట్టుకుంది. "దరియాలో ముకద్దమాలేంది తమ్ముడూ? అక్కడ కచేరీ ఎక్కడుంటది?" అంది. అఖ్బార్‌లో పనిచేసేవాడికి అన్నీ తెలిసుంటాయని ఆమె నమ్మకం. తెలిసినవాళ్లను అడగడమే మా పని కాబట్టి అడిగాను. మా ఖాలా కొడుకు, నేను భాయిజాన్ అని పిలిచే మనిషి, ఇరవై ఏళ్లుగా ఈ లైన్‌లోనే ఉన్నాడు. నిజామాబాద్ కోర్టులో ఒక సీనియర్ దగ్గర ఫైళ్లు మోసి, హైదరాబాద్ వచ్చి, దుబాయ్ వెళ్లి, అక్కడ్నుంచి లండన్ ఇమ్తెహాన్లు రాసి పైకొచ్చాడు. ఆయన ఫోన్లో చెప్పినవీ, ఆ తర్వాత నేను వెతికి చదివినవీ కలిపి ఆపాకు చెప్పినట్టే ఇక్కడా చెప్తాను.

ముందు కచేరీ సంగతి. ఈ తగాదాల్లో చాలావాటికి కోర్టు మెట్లు ఎక్కరు. ఆయిల్ కంపెనీ ఒక దేశానిది, కట్టేవాళ్లు ఇంకో దేశం, ఓడ మూడో దేశానిది. ఒకరి దేశం కోర్టు మీద ఇంకొకరికి భరోసా ఉండదు. అందుకని ఇఖ్రార్‌నామాలోనే రాసుకుంటారు, తగాదా వస్తే సాలిస్‌ల ముందు తేల్చుకుందామని. సాలిస్ అంటే మూడోవాడు, అటూ ఇటూ కానివాడు. లండన్‌లోనో, పారిస్‌లోనో, సింగపూర్‌లోనో, దుబాయ్‌లోనో కూర్చుంటారు. మన మొహల్లా పెద్దమనుషుల పంచాయితీ లాంటిదే. తేడా ఏమిటంటే, 1958 నాటి న్యూయార్క్ ఒప్పందం వల్ల ఆ ఫైసలా 170కి పైగా దేశాల్లో చెల్లుతుంది.

తగాదా దేని మీద? ఎక్కువగా రోజుల మీద. పెద్ద క్రేన్ ఓడ కిరాయి రోజుకు లక్షల డాలర్లలో ఉంటుంది. అలలు ఎక్కువుంటే అది ఊరికే నిలబడాలి. ఆ నిలబడ్డ రోజుల పైసలు ఎవరివి? ఓనర్ నక్షాలు లేటుగా ఇచ్చాడు, ఆ లేటు వల్ల ఎండాకాలంలో చేయాల్సిన పని తుఫాన్ల మౌసమ్‌లోకి జరిగింది. ఆ నుక్సాన్ ఎవరిది? ప్రపంచమంతా వాడే ఫిడిక్ నమూనా 1999 ప్రతిలో ఒక షర్తు ఉంది. కాంట్రాక్టర్‌కు అదనపు టైమో డబ్బో కావాలంటే, సంగతి తెలిసిన 28 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే హక్ పోయినట్టే. "సముద్రంలో నిజంగా ఏం జరిగిందో అల్లాకు తెలుసు. సాలిస్‌కు తెలిసేది ఆ రోజు రిపోర్టులో రాసిందే" అంటాడు భాయిజాన్. ఆయన మొదటి ఐదారేళ్లు గొప్ప వాదనలేవీ చేయలేదు. ఈమెయిళ్లు, ఓడ లాగ్‌బుక్కులు, గాలి లెక్కలు, వెల్డింగ్ రికార్డులు చదివాడు. ఏ రోజు ఏ పని ఎందుకు ఆగిందో వరస పెట్టాడు. ఇంజినీర్ల జబాన్ నేర్చుకున్నాడు.

ఆయన జూనియర్లందరికీ మొదట చదివించే ముకద్దమా ఒకటుంది. ఇంగ్లండ్, స్కాట్లండ్ మధ్య సాల్వే ఫర్త్ అనే సముద్రపు పాయలో రాబిన్ రిగ్ గాలిమరలు. ఇ.ఆన్ కంపెనీ కోసం డెన్మార్క్‌కు చెందిన ఎమ్‌టి హోయ్‌గార్డ్ పునాదులు కట్టింది. సముద్రపు నేలలో ఉక్కు గొట్టం దింపి, దాని మీద ఇంకో గొట్టం తొడిగి, మధ్య సందులో గ్రౌట్ పోస్తారు. ఆ జోడింపు ఎంత బరువు ఆపుతుందో లెక్కగట్టడానికి అప్పట్లో జె101 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉండేది. కాంట్రాక్టర్ దాని ప్రకారమే లెక్క వేశాడు. కానీ ఆ ప్రమాణంలోని సూత్రమే గలత్. దాని వల్ల జోడింపు బలం అసలుకన్నా సుమారు పదింతలు ఎక్కువగా కనిపించింది. 2009లో పని పూర్తయింది. 2010లో పై గొట్టాలు కిందికి జారడం మొదలైంది. మరమ్మతు ఖర్చు 2.625 కోట్ల యూరోలు.

ఎవరు కట్టాలి? ప్రమాణాన్ని తు.చ. తప్పకుండా పాటించినవాడి తప్పేముంది? అప్పీల్ కోర్టు అలాగే అంది. కానీ 2017 ఆగస్టు 3న బ్రిటన్ సుప్రీంకోర్టు కాంట్రాక్టరే కట్టాలని చెప్పింది. ఎందుకంటే సాంకేతిక వివరాల కాగితాల్లో, ఎక్కడో లోపల, పునాదుల డిజైన్ ఇరవై ఏళ్ల ఆయుష్షుకు సరిపోవాలని ఒక మాట ఉంది. ఆ మాటకు నువ్వు ఒప్పుకున్నావు, ప్రమాణం తప్పయినా మాట మాటే అని తీర్పు.

ఉర్దూలో దీన్ని కౌల్ అంటాం. ఇచ్చిన మాట. తెలుగులోకి వచ్చేసరికి అది కౌలు అయింది, పొలానికి ఇచ్చే మాట. ఇలాంటిదే ఇంకో లఫ్జ్ ఉంది. మా స్కూల్లో ముద్దయీ అంటే దావా వేసినవాడు, నాకు హక్ ఉందని అడిగేవాడు. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక చూస్తే ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడు. అడిగేవాడే బోనెక్కాడు. భాయిజాన్‌కు ఇది చెప్తే నవ్వి, "మా దందాలో రెండూ కరెక్టే. కాంట్రాక్టర్ బకాయి అడుగుతాడు, ఓనర్ లేటుకు హర్జానా అడుగుతాడు. ఇద్దరూ రెండు అర్థాల్లోనూ ముద్దాయిలే" అన్నాడు.

మన తీరం కూడా ఈ చదువులో ఉంది. కాకినాడ ఎదుట కృష్ణా గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ బ్లాకుల గ్యాస్ పక్కనున్న రిలయన్స్ బ్లాకులోకి వలస వెళ్లిందని తగాదా. 2016లో కేంద్రం సుమారు 155 కోట్ల డాలర్లు అడిగింది. 2018లో సాలిస్‌లు రిలయన్స్ వైపు తీర్పిచ్చారు. 2023లో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి దాన్ని నిలబెట్టారు, 2025 ఫిబ్రవరిలో డివిజన్ బెంచి కొట్టేసింది. రాయి లోపల కదిలే గ్యాస్‌కు సరిహద్దు గీత గీయడానికి ఇంతమంది వకీళ్లు కావాలి.

ఇంతవరకు విని ఆపా కొంచెం కుదుటపడింది. ఇజ్జత్ ఉన్న పనే అనుకుంది. నాకు మాత్రం ఇంకొక ముకద్దమా చదివాక సుకూన్ పోయింది. 1988 జులై 6న నార్త్ సీలో పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫాం పేలి 167 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది కాంట్రాక్టు కంపెనీల మనుషులు. ప్లాట్‌ఫాం నడిపే కంపెనీ వైపునుంచి కుటుంబాలకు ముఆవజా ఇచ్చారు. ఆ తర్వాత, మీ మనుషులకు ఏమైనా మీరే భరిస్తామని రాసిచ్చారు కదా అని ఆ సొమ్ము కాంట్రాక్టర్ల నుంచి అడిగారు. 2002లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ రాతలు చెల్లుతాయంది. మంటలు ఆరిన పద్నాలుగేళ్లకు! కుటుంబాలకు అందాల్సింది ముందే అందింది, అది నిజం. ఆ రాతలు లేకపోతే ప్రతి ప్రమాదం తర్వాతా ఏళ్ల తరబడి ఒకరినొకరు వేలెత్తి చూపుకుంటూ కూర్చుంటారని భాయిజాన్ వాదన. ఒప్పుకున్నాను. అయినా మనుషుల్ని మీవాళ్లు, మావాళ్లు అని ముందే పంచుకున్న కాగితం చదువుతుంటే గుండె బరువెక్కింది.

ఎందుకంటే అలా పంచబడ్డవాళ్లలో మా దుల్హాభాయ్ ఒకరు. భాంజీకి అబ్బా. ఖలీజ్‌లో ప్లాట్‌ఫాం ముక్కలు తయారుచేసే యార్డులో స్కఫోల్డింగ్ కట్టేవారు. కంపెనీ కింద కంపెనీ, దాని కింద ఇంకో కంపెనీ, అందులో ఆయన. ఒక ఏడాది ఐదు నెలల జీతం ఆగింది. అడిగితే సూపర్‌వైజర్ ఒకే మాట: "ఊపర్ సే నై ఆయా." పైనుంచి రాలేదు. ఆ చిన్న కంపెనీ మూతపడింది. ఆయన ఖాళీ చేతులతో దిగారు. ఆపా గాజులు అమ్మి అప్పు కట్టింది. దుల్హాభాయ్ ఎవరి మీదా షికాయత్ చేయలేదు. పైనుంచి రాలేదంటే ఆయన ఇంకా పైకి చూసి, నసీబ్ అనుకున్నారు.

ఆయన సందూక్‌లో ఒక ఇంగ్లిష్ కాగితం ఉండేది. లా మూడో సంవత్సరంలో భాంజీ దాన్ని తీసి చదివింది. మెయిన్ కాంట్రాక్టర్ నుంచి చెల్లింపు అందాల్సి ఉన్నందున జీతాలు వాయిదా వేస్తున్నామని రెండు లైన్లు. పైనున్నది నసీబ్ కాదని, ఒక షర్తు అని ఆ రోజు ఆమెకు తెలిసింది. నాకు అందితేనే నీకిస్తాననే షర్తు. కాగితం మీద అది కంపెనీకి, కంపెనీకి మధ్య మాట. కూలీ జీతంతో దానికి సంబంధం ఉండకూడదు. కానీ పైన ఇద్దరు పెద్దలు రోజుల లెక్క తేల్చుకుంటూ ఉంటే, అట్టడుగు కంపెనీ గల్లా ఖాళీ అయి, ఆ బరువు జీతం మీదే పడుతుంది. బ్రిటన్‌లో 1996 నిర్మాణ చట్టం ఇలాంటి షర్తును చాలావరకు రద్దు చేసింది. అయితే ఆయిల్, గ్యాస్ తవ్వకాలను ఆ చట్టం నుంచి మినహాయించారు.

ఇవన్నీ భాంజీ నాకు చెప్పింది, నేను ఆమెకు చెప్పలేదు. భాయిజాన్ కూడా ఆమె దగ్గర ఏమీ దాచలేదు. "బేటీ, మా ఫీజు ఇచ్చేది కంపెనీలే. నువ్వు మీ అబ్బా పక్కన కూర్చోవు. ఒక్కోసారి ఆ షర్తును రాసేవాళ్ల పక్కన కూర్చుంటావు. నేను కూర్చున్నాను" అన్నాడు. ఆమె కాసేపు ఖామోష్‌గా ఉండి, "రాసేచోట ఉంటేనే కదా మామూ, ఎలా రాస్తారో తెలిసేది" అంది.

ఇది చాలునా అని నాకు షక్ ఉంది. పెద్ద జీతం, పెద్ద బిల్డింగు, ఇరవై ఏళ్లు గడిస్తే సందూక్‌లోని కాగితం మర్చిపోవడం కష్టమేం కాదు. అయినా ఆపాకు పంపమనే చెప్పాను. మన గల్లీల నుంచి ఖలీజ్‌కు వెల్డర్లు వెళ్లారు, రిగ్గర్లు వెళ్లారు, పెయింటర్లు వెళ్లారు. వాళ్ల చేత సంతకం పెట్టించిన కాగితాలు చదివేవాళ్లు మాత్రం వెళ్లలేదు.

ఈ మధ్య ఖతార్ వెళ్లే పిల్లలు సెలవుల్లో ఆమె దగ్గరికి వస్తున్నారు. ఒక్కో షర్తూ ముందు ఉర్దూలో, తర్వాత తెలుగులో చెప్తుంది. మొన్న ఒకడికి జీతం తేదీ దగ్గర గీత గీసి, ఇది అడుగు అంది. "అడిగితే గుస్సా అయితరేమో?" అన్నాడు. "అయితే కానీ. జవాబు కాగితం మీద ఇమ్మను" అంది. పక్క గదిలో ఉన్న దుల్హాభాయ్ తలుపు దగ్గరికి వచ్చి నిలబడి విన్నారు. ఏమీ అనలేదు. వాడికి చాయ్ తెమ్మని ఆపాను కేకేశారు.