కాళంగి ఒడ్డున క్లచ్చి పాఠాలు

సూళ్లూరుపేట పేరు చెప్పగానే కొందరికి రాకెట్లు జ్ఞాపకం వస్తాయి, కొందరికి పక్షులు. భక్తులకు చెంగాళమ్మ తల్లి జ్ఞాపకం వస్తుంది. నాకు మాత్రం నా ఎడమకాలు జ్ఞాపకం వస్తుంది. నవ్వకండి! యాభై దాటిన తర్వాత నేను కారు నడపడం నేర్చుకున్నది ఈ ఊళ్ళోనే. కారు నడపడంలో కష్టమంతా ఎడమకాలిదేనని తెలుసుకున్నదీ ఇక్కడే.

చెన్నై నుంచి రైల్లో ఉత్తరంగా 83 కిలోమీటర్లు వస్తే సూళ్లూరుపేట. కోల్‌కతా నుంచి చెన్నై వెళ్ళే పెద్ద రోడ్డూ ఇటుగానే పోతుంది. పక్కనే కాళంగి నది, దాని ఒడ్డున చెంగాళమ్మ గుడి. ఆ గుడి తలుపులు పగలూ రాత్రీ మూయరు. అర్ధరాత్రి వెళ్ళినా అమ్మ దర్శనం దొరుకుతుంది. చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022లో జిల్లాలు మార్చినప్పుడు తిరుపతి జిల్లాలో చేరింది. కాగితాల మీద జిల్లా మారిందిగాని మాట మారలేదు. “భయపడబాకమ్మా”, “ఎట్టుండారు” అనే నెల్లూరు పలుకే ఇప్పటికీ వీధుల్లో వినిపిస్తుంది.

మావారు ఉద్యోగ విరమణ చేశాక మేమిక్కడ కాపురం పెట్టాం. పదేళ్ళనాటి మారుతి కారొకటి మాతోపాటే వచ్చింది. దాన్ని ఆయన ఇంకెవరి చేతికీ ఇచ్చేవారు కారు. అలాంటి మనిషికి కంటిలో నీటి ఒత్తిడి వచ్చింది. ఎదురుగా ఉన్నవి బాగానే కనిపిస్తాయి, పక్కనుంచి వచ్చేవి కనిపించవు. ఇక స్టీరింగు ముట్టుకోవద్దని చెన్నైలో డాక్టరుగారు ఖండితంగా చెప్పేశారు. నెలకొకసారి వచ్చి ఒత్తిడి కొలిపించుకోమన్నారు. తెల్లవారుజామున స్టేషనుకు వెళ్ళాలి, వచ్చేటప్పటికి ఒక్కొక్కసారి రాత్రయ్యేది. మా ఇల్లు ఊరి చివర. ఆ వేళకు ఆటో దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. ఒక రాత్రి ఆయన చెయ్యి పట్టుకుని చీకట్లో రెండు కిలోమీటర్లు నడిపించుకొచ్చాను. మర్నాడే లెర్నర్ లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను.

ఇరుగుపొరుగులు మంచి సలహాలే ఇచ్చారు. “ఈ బండి అమ్మేసి గేర్లు లేనిది కొనుక్కోండి, క్లచ్చి బాధే ఉండదు” అన్నారు. నిజమే. కాని పింఛను డబ్బుతో కొత్త కారు కొనడం మాటలా? అదీగాక, ఆ కారు అమ్ముతామని ఆయన ముందు అనడానికి నాకు నోరు రాలేదు.

ఇక నేర్పేదెవరు? భర్త దగ్గర డ్రైవింగు నేర్చుకున్న కాపురాలు ఎలా ఉంటాయో మీకు తెలియనిది కాదు. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు. నలభై ఏళ్ళు ఈ రోడ్డు మీదనే లారీ నడిపి, ఇప్పుడు మనవళ్ళను ఎత్తుకు తిరుగుతున్నాడు. “అన్నా, నాకు నేర్పాలి” అని అడిగాను. ఒక్క క్షణం నా మొహం వంక చూసి, “దానికేముంది అమ్మణ్ణీ, నేర్చుకుందువుగాని” అన్నాడు.

తిరగలి న్యాయం

మొదటిరోజు ఆయన నన్ను బండి కదిలించనివ్వలేదు. ముందు సీటు సరిచేయించాడు. క్లచ్చి పెడలు అడుగంటా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలట. కాలు చాచుకుపోయేటంత దూరంలో కూర్చుంటే పెడలు మీద అదుపుండదు. మడమ నేలకు ఆనాలి. జారే చెప్పులూ ఎత్తుమడమల చెప్పులూ పనికిరావు. చీర కట్టినవాళ్ళు కుచ్చిళ్ళు పైకి దోపుకోవాలి. ఈ చివరిమాట ఏ పుస్తకంలోనూ కనబడదు, అందుకే రాస్తున్నాను.

రెండవరోజు బండి కదిపాను. కదిపానంటే, ఒక్క గంతు వేసి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేశాను, మళ్ళీ గంతు. పదిసార్లయినా అయి ఉంటుంది. అప్పుడు అన్న బండి ఆపించి, ఇలా ఎందుకవుతుందో చెప్పాడు. దాన్ని నేను మన వంటింటి భాషలో చెబుతాను.

ఇంజను వెనుక ఫ్లైవీలని ఒక బరువైన చక్రం ఉంటుంది. ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా అది నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతూ ఉంటుంది. దాని ఎదుట క్లచ్చి ప్లేటు. ఈ ప్లేటుకు గేర్లతో, గేర్లకు చక్రాలతో సంబంధం. పెడలు వదిలేస్తే లోపలి స్ప్రింగు ఆ ప్లేటును ఫ్లైవీలుకు గట్టిగా అదిమి పడుతుంది. రెండూ ఒకటై తిరుగుతాయి. పెడలు తొక్కితే రెండూ విడిపోతాయి. ఇంజను దారి ఇంజనుది, చక్రాల దారి చక్రాలది.

ఇప్పుడు తిరగలి జ్ఞాపకం చేసుకోండి. తిరుగుతున్న తిరగలిలో గుప్పెడు గుప్పెడు గింజలు వేస్తే హాయిగా తిరుగుతుంది. ఒక్కసారిగా శేరు గింజలు కుమ్మరిస్తే చెయ్యి పట్టేసి రాయి నిలిచిపోతుంది. ఇంజనూ అంతే. నిలబడి ఉన్న బండి బరువంతా ఒక్కసారిగా దాని నెత్తిన పడేస్తే తిరగలేక ఆగిపోతుంది. ఇంజనుకు కనీసం ఇంత వేగం ఉండాలని ఒక లెక్క ఉంది. అంతకంటె తగ్గితే అది బతకదు.

మరి ఏం చెయ్యాలి? పెడలును మెల్లగా పైకి రానివ్వాలి. ఒకచోట ఇంజను గొంతు కొంచెం బరువెక్కుతుంది, బండి సన్నగా వణుకుతుంది. ఫ్లైవీలూ ప్లేటూ ఒకదాన్నొకటి తాకి, రాసుకుంటూ తిరిగే చోటు అది. డ్రైవర్లు దాన్నే హాఫ్ క్లచ్చి అంటారు. అక్కడ కాలు ఆపాలి. బండి కదిలి, జోరు అందుకున్నదాకా ఆ కాలు అక్కడే ఉండాలి. తర్వాతే తక్కినది వదలాలి. కుడికాలితో యాక్సిలేటరు కొంచెం అందించాలి.

“చేత్తో బండి ఎవురైనా తిప్పతారు అమ్మణ్ణీ. కాలితో వినాల. కదులుతానని బండి చెప్పిందాకా వదలబాక” అన్నాడు అన్న.

అందుకని మూడురోజులపాటు యాక్సిలేటరు ముట్టుకోనివ్వలేదు. చదునైన నేల మీద ఒక్క క్లచ్చితోనే బండి కదిలించి, నాలుగడుగులు పోనిచ్చి, ఆపడం. ఈ కాలపు ఇంజన్లు తమ కనీస వేగాన్ని తామే కాపాడుకుంటాయి కాబట్టి ఇది సాధ్యమట. వెనకటి కార్లలో ఇలా చేస్తే క్షణంలో ఆగిపోయేవట.

సరస్సు మీద రోడ్డు

ఊళ్ళోంచి తూర్పుగా శ్రీహరికోటకు పోయే రోడ్డు మీరు చూసి తీరాలి. పులికాట్ సరస్సు మధ్యగా గీత గీసినట్టు పోతుంది. మనదేశంలోని ఉప్పునీటి సరస్సుల్లో చిలకా తర్వాత పెద్దది ఇదే. వానలు పడ్డాక రెండువైపులా నీళ్ళే, మధ్యలో మీరు. ఎండాకాలంలో అదే చోటు పగుళ్ళిచ్చిన బురదనేల, దాని మీద తెల్లని ఉప్పుపొర. చలికాలంలో అటకానితిప్ప దగ్గర నిలబడితే వేల ఫ్లెమింగోలు తలలు నీళ్ళలో ముంచి మేత ఏరుకుంటూ కనిపిస్తాయి. వీటి పేరిటనే 2001లో సూళ్లూరుపేటలో పక్షుల పండుగ మొదలైంది. ఉత్తరాన నేలపట్టు చెరువులో గూడబాతులు కడప చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి.

ఆ రోడ్డు మీద నేర్చుకుంటే త్వరగా వస్తుందని అందరూ అన్నారు. వెళ్ళాం. నాలుగో గేరులో పడ్డాక ఎడమకాలికి పనే లేదు! గాలి, నీళ్ళు, ఆకాశం. నాకు డ్రైవింగు వచ్చేసిందనిపించింది. అన్న మాత్రం నవ్వి, రోడ్డు పక్కకు ఆపమన్నాడు.

ఒక ఫ్లెమింగోల గుంపు అప్పుడే లేస్తున్నది. అవి ఉన్నచోటునుంచి ఎగరలేవు. రెక్కలాడిస్తూ నీళ్ళ మీద కొన్ని అడుగులు పరుగెత్తాలి, అప్పుడుగాని ఒళ్ళు గాలిలోకి లేవదు. “చూడు, ఎగరడం దానికీ కష్టం కాదు. లేవడమే కష్టం. ఈ రోడ్డులో నీకు లేచే పనే లేదు, పద ఊళ్ళోకి” అన్నాడు.

తిరిగి వస్తుంటే ఎదురుగా పెద్ద ట్రైలరు వచ్చింది. రాకెట్టు భాగాలను దించి వస్తున్న బండి అయి ఉంటుంది. శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్టు 1971 అక్టోబరు 9న ఎగిరింది. 2002లో ఆ కేంద్రానికి సతీష్ ధవన్‌గారి పేరు పెట్టారు. అక్కడ ఎగిరే పీఎస్ఎల్‌వీ మొదటి అంచెలో సుమారు 139 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. అది ఒకసారి అంటుకుంటే ఆపడమన్న మాట లేదు. మండే నిప్పుకూ కదిలే బరువుకూ నడుమ క్లచ్చి వంటిదేమీ ఉండదు. నా కారుకు అలాంటిదొకటి ఉన్నందుకు ఆ పూట నాకు మొదటిసారి సంతోషం కలిగింది.

నిమ్మకాయలు, చెరువుకట్ట

ఊళ్ళో పాఠాలు వేరు. అన్న జేబులోంచి గూడూరు నిమ్మకాయలు నాలుగు తీసి చక్రం ముందు ఒకటి పెట్టేవాడు. కొత్త బండికి పూజచేసి తొక్కిస్తామే, అదే. కాని ఇక్కడ చక్రం కాయ మీదికి ఎక్కగానే ఆగాలి, దాటిపోరాదు. కాయకు కొంచెం ఎత్తు ఉంటుంది కదా, దాన్ని ఎక్కాలంటే క్లచ్చి మరో వెంట్రుకవాసి వదలాలి. ఎక్కిన క్షణంలో మళ్ళీ తొక్కాలి. వారంరోజులు మా ఇంట్లో పులిహోరకు నిమ్మకాయ మిగల్లేదు.

తర్వాత చెరువుకట్ట. ఏటవాలులో బండి ఆపి, వెనక్కు జారకుండా మళ్ళీ కదిలించాలి. లైసెన్సు పరీక్షకు 1989 నాటి నిబంధనల్లోనే ఇది ఉంది. హ్యాండుబ్రేకు వేసి ఉంచాలి. క్లచ్చిని హాఫ్ దాకా తెచ్చి, యాక్సిలేటరు కొంచెం ఎక్కువే ఇవ్వాలి. బండి ముందుకు పోవాలని లాగుతున్నట్టు తెలిసిన తర్వాతే హ్యాండుబ్రేకు వదలాలి. కొందరు ఏటవాలులో బండిని క్లచ్చితోనే నిలిపి ఉంచుతారు. అలా చేస్తే ప్లేటు రాసుకుని రాసుకుని మాడు వాసన వస్తుంది. నడిచేటప్పుడు పెడలు మీద పాదం ఊరికే ఆనించి ఉంచడం కూడా తగదు. ప్లేటూ బేరింగూ త్వరగా అరుగుతాయి.

అన్నిటికంటె ముఖ్యమైనది ఆయన చివరకు చెప్పాడు. “ఆగిపోతే ఏం చేస్తావు?” అని. బండి ఆగగానే బ్రేకూ క్లచ్చీ తొక్కిపట్టాలి. గేరు న్యూట్రల్‌కు తేవాలి. స్టార్టు చేసి మొదటి గేరు వెయ్యాలి. వెనకవాడి హారను వినాలేగాని, దానికి జవాబు చెప్పనక్కరలేదు. ఇదంతా పది సెకన్ల పని. “నలభై ఏండ్లలో నాకెన్నిసార్లు ఆగిందో లెక్క లేదమ్మా” అన్నాడు. ఆ మాటతో నా గుండెలమీది బరువు సగం దిగింది.

చంద్రయాన్ రోజు

లైసెన్సు వచ్చింది. మావారు పక్కసీట్లో కూర్చునేవారుగాని ఒక్క మాటా అనేవారు కారు. ఆయన కుడిపాదం మాత్రం లేని బ్రేకును తొక్కుతూ ఉండేది.

2023 జులై 14న మాకు చెన్నైలో డాక్టరుగారిని చూసే రోజు పడింది. అదే రోజు మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు చంద్రయాన్-3 ఎగిరింది. సాయంత్రం మేం రైలు దిగి బయటికి వస్తే ఊరంతా కార్లు, బస్సులు, జనం! శ్రీహరికోటలో జనం కూర్చుని చూడడానికి 2019లో గ్యాలరీ తెరిచారు కదా, అక్కడినుంచీ, దారి పొడుగునా నిలబడి చూసినవాళ్ళనుంచీ వచ్చిన జనమంతా ఈ ఊరి మీదుగానే పోవాలి. పిల్లల చేతుల్లో జెండాలు, పెద్దల మొహాల్లో పండుగ.

“ఆటోలో పోదాం, బండి రేపు తీసుకుందాం” అన్నారాయన. ఆటోకు దారెక్కడుంది? ఎక్కి కూర్చున్నాను.

రెండు కిలోమీటర్లకు గంట పట్టింది. ముందు కారు ఒక గజం కదిలితే నేనూ ఒక గజం. హాఫ్ క్లచ్చి, ఒక గజం, క్లచ్చి, బ్రేకు, న్యూట్రల్. కాలు పీకింది. ఎక్కువసేపు ఆగితే క్లచ్చి పూర్తిగా వదిలి కాలికి విశ్రాంతి ఇచ్చాను. ఒకచోట ఒక చిన్నవాడు జెండా ఊపుకుంటూ ఎడమవైపు నుంచి అడ్డం వచ్చాడు. మావారికి కనిపించని వైపు అది. ఆయన ఉలిక్కిపడేలోగా బండి ఆగింది, ఇంజనూ ఆగింది. వెనక పది హారన్లు మోగాయి. న్యూట్రల్, తాళంచెవి, మొదటి గేరు. వాడు తల్లి కొంగు పట్టుకున్నాకే కదిలాను.

ఇంటి ముందు ఇంజను ఆపాను. “నాకు ఆ పిల్లవాడు కనబడనే లేదే” అన్నారాయన నెమ్మదిగా. కాసేపటికి, “నీ క్లచ్చి నాకంటె మెత్తగా ఉంది” అన్నారు. కారు గురించి ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ రోజునుంచి ఆ కుడిపాదం ఊరికే ఉంటోంది.

మీరెవరైనా చలికాలంలో ఈ వైపు వస్తే పక్షులను చూడండి, అమ్మవారిని చూడండి. సరస్సు రోడ్డు మీద మీ పిల్లలకు స్టీరింగు ఇవ్వాలని సరదా పుడితే, ముందు లెర్నర్ లైసెన్సు తీయించండి. పక్కన లైసెన్సున్న పెద్దవాళ్ళు కూర్చోండి. ఆ తర్వాత తప్పకుండా వాళ్ళను బజారు వీధిలోకి కూడా ఒకసారి తీసుకురండి. అటకానితిప్ప దగ్గర పక్షులను చూడడానికి దిగేటప్పుడు బండి రోడ్డు పక్కకు తీసి, హ్యాండుబ్రేకు వెయ్యడం మాత్రం మరవకండి.