నలభై రూపాయల గొళ్లెం

జవహర్‌నగర్ అనగానే హైదరాబాద్‌లో చాలామందికి గుర్తొచ్చేది డంపింగ్ యార్డే. ఎక్కడుంటావని ఆఫీసులో అడిగితే నేను కూడా చాలాకాలం 'ఈసీఐఎల్ దగ్గర' అని చెప్పి తప్పించుకునేవాడిని. కానీ నేను పలక పట్టింది, పదో తరగతి పాసైంది ఇక్కడి సర్కారు బడిలోనే. ఇంజినీరింగ్ చదివి ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. వయసు ఇరవై ఎనిమిది. నేను చెప్పబోయేది మాత్రం ఒక తలుపు గొళ్లెం గురించి.

మా చెల్లి అదే బడిలో ఎనిమిదో తరగతి చదివేటప్పటి సంగతి. పొద్దున నీళ్ల సీసా నింపుకుని వెళ్లేది, సాయంత్రం అట్లాగే నిండుగా తెచ్చేది. "మోసుడు ఎందుకే మరి?" అని అమ్మ తిట్టేది. ఒకరోజు చలిజ్వరం, పొత్తికడుపులో నొప్పి. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నాడు డాక్టరు. బడిలో నీళ్లెందుకు తాగట్లేదని అడిగితే చెల్లి తలదించుకుంది. రాత్రి అమ్మ పక్కలో పడుకుని అసలు సంగతి చెప్పింది. ఆడపిల్లల బాత్‌రూమ్‌కి లోపలి గొళ్లెం ఊడిపోయింది. ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట నిలబడి తలుపు పట్టుకోవాలి. తలుపు పట్టుకునే స్నేహితురాలు బడికి రాకపోతే ఆ రోజంతా నీళ్లు తాగకపోవడమే మార్గం.

అది 2012. అదే సంవత్సరం అక్టోబర్ 3న సుప్రీంకోర్టు, దేశంలో ప్రతి బడిలోనూ ఆరు నెలల్లోగా తాగునీరు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలని ఆదేశించింది. మా బడిలో మరుగుదొడ్డి ఉంది. లెక్కల్లో అది 'ఉంది' అనే గడిలోకే వస్తుంది. గొళ్లెం ఉందా లేదా అన్నది ఆ గడి చెప్పదు.

2024 వేసవి. రాష్ట్రంలోని బడుల్లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. మరమ్మతులు, తాగునీరు, మరుగుదొడ్లు, కరెంటు పనులు మహిళా సంఘాల చేతికి వచ్చాయి. మా అమ్మ మా ప్రాంత సమాఖ్యకు అధ్యక్షురాలు కాబట్టి బడి కమిటీకి కూడా ఆమే అధ్యక్షురాలైంది. కమిటీ కన్వీనరు హెడ్మాస్టర్ సారు. జూన్ 12న బడులు తెరిచేలోపు పనులు కావాలన్నారు. అమ్మ కుట్టుమిషన్ పక్కన పెట్టి రోజూ బడికి పోయేది. అన్నిటికంటే ముందు ఆడపిల్లల బాత్‌రూమ్ తలుపులు మార్పించి, లోపల గొళ్లాలు బిగించింది. ఎందుకని ఎవరూ అడగలేదు. మా ఇంట్లో అందరికీ తెలుసు.

బడి కొత్తగా మెరిసింది. అయితే నవంబరు వచ్చేసరికి రెండు గొళ్లాలు ఊడాయి. మూడు నల్లాలు కారడం మొదలైంది. ఒక గదిలో ఫ్యాన్ ఆగింది. ఆరొందల మంది పిల్లలు రోజూ వాడే భవనం అది. పాడవడం వింత కాదు. వింత ఏమిటంటే, పెద్ద పథకం వచ్చినప్పుడు అన్నీ ఒకేసారి బాగవుతాయి, తర్వాత మళ్లీ పథకం వచ్చేదాకా ఒక్కొక్కటిగా పాడవుతూనే ఉంటాయి.

ఇక్కడే నాలోని ఇంజినీరు లేచాడు. మూడు ఆదివారాలు కూర్చుని ఒక యాప్ తయారుచేశా. టీచర్లు ఫొటో తీసి పెడితే చాలు, ఫిర్యాదుకు నంబరు వస్తుంది. ఏ గది, ఏ సమస్య, ఎంత అత్యవసరం, ఎన్ని రోజులైంది... అన్నీ తెర మీద కనిపిస్తాయి. ఆఫీసులో మేం లోపాలను ఇట్లాగే పట్టుకుంటాం. హెడ్మాస్టర్ సారుకు చూపిస్తే మెచ్చుకున్నారు. అమ్మ మాత్రం కళ్లద్దాలు సర్దుకుని చూసి, "నువ్వు ఫోన్ల పెడితే నల్లా బాగయితదా బిడ్డా?" అంది. నవ్వేశాను.

మరుసటి జూన్ నాటికి నా యాప్‌లో నలభై ఒక్క ఫిర్యాదులు ఉన్నాయి. పరిష్కారమైనవి ఆరు. మిగతా వాటికి ఎర్రరంగు వచ్చి మెరుస్తోంది. నేను చేసింది ఒక్కటే, ఏవి బాగు కాలేదో అందంగా చూపించడం.

మధ్యలో ఒకరోజు ఉండబట్టలేక ఆడపిల్లల బాత్‌రూమ్‌కి నేనే గొళ్లెం కొనుక్కెళ్లి బిగించా. నలభై రూపాయలు. గర్వంగా ఇంటికొచ్చి చెబితే అమ్మకు కోపమొచ్చింది. "ఇయ్యాల నువ్వు కొన్నవ్. రేపు నీకు బెంగళూరుల నౌకరీ వస్తే ఎవలు కొంటరు? బడి దగ్గర పైసలు ఉండంగ నీ జేబుల నుంచి ఇచ్చుడు మంచి పని కాదు, పని నేర్పకుండ చేసుడు." నాకప్పుడు అది ఎక్కలేదు.

హెడ్మాస్టర్ సారును అడిగా, ఇంత చిన్న పనికి ఇన్నాళ్లెందుకని. ఆయన టీ తెప్పించి ఓపిగ్గా చెప్పారు. ప్రభుత్వ భవనంలో పని జరగాలంటే ముందు లెటర్ పెట్టాలి. ఇంజినీరింగ్ విభాగం నుంచి ఏఈ వచ్చి కొలతలు తీసుకుంటారు. ప్రభుత్వ రేట్ల పట్టిక ప్రకారం ఎస్టిమేట్ వేస్తారు. దానికి పరిపాలనా అనుమతి, ఆ తర్వాత సాంకేతిక అనుమతి రావాలి. పని అయ్యాక ఏఈ మెజర్‌మెంట్ బుక్కులో రాస్తారు, పై అధికారి సరిచూస్తారు, అప్పుడు బిల్లు. "ఈ దారి తప్పని నేననను బాబూ. ప్రజల సొమ్ముకు లెక్క ఉండాల్సిందే. కానీ ఇది గది కట్టడానికి వేసిన దారి. గొళ్లెం ఈ దారిలో నడవలేదు. రెండు వేల పనికి కాంట్రాక్టరు రాడు, నలభై రూపాయలకు ఎస్టిమేట్ ఎవరు వేస్తారు?"

మరి బడి చేతిలో డబ్బే లేదా? ఉంది. సమగ్ర శిక్షా కింద బడికి ఏటా గ్రాంటు వస్తుంది. 2018-19లో దాన్ని పిల్లల సంఖ్యను బట్టి 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా నిర్ణయించారు. అందులో కనీసం పది శాతం పరిశుభ్రతకే వాడాలి. కానీ సుద్దముక్కలు, రిజిస్టర్లు, పాడైన సామాన్లు అన్నీ అందులోంచే. డబ్బు ఏడాదిలో ఎప్పుడు చేతికొస్తుందో తెలియనప్పుడు, ఏ హెడ్మాస్టరైనా పెద్ద ఖర్చు వస్తుందేమోనని చిన్న ఖర్చు వాయిదా వేస్తాడు. ఆడిట్‌లో రసీదు అడుగుతారన్న భయం ఇంకొకటి.

కేంద్ర ప్రజాపనుల శాఖ ఈ ముడిని చాలాకాలం కిందటే విప్పుకుంది. దాని మాన్యువల్‌లో రోజువారీ సేవలు వేరు, ఏడాదికోసారి చేసే మరమ్మతులు వేరు, ప్రత్యేక మరమ్మతులు వేరు. నల్లా కారడం, ఫ్యూజు పోవడం లాంటివి రోజువారీ సేవల్లోకి వస్తాయి. దానికి ఫిర్యాదు పుస్తకం, మనిషి, సామాను ముందే సిద్ధంగా ఉంటాయి. నేను యాప్‌లో రాసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఈ పని ఎవరిది, సామాను ఎక్కడుంది? నేనేమో ఎన్ని రోజులైందో లెక్కపెట్టాను.

2025 జూలై. రెండు రోజులు ముసురు పట్టింది. మూడోరోజు పొద్దున గదులు ఊడ్చే అక్క పరుగెత్తుకొచ్చి సారుకు చెప్పింది. ఆరో నంబరు గదిలో స్లాబు పెచ్చు ఊడి మూడో బెంచీ మీద పడింది. రాత్రిపూట పడింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. నేను వెళ్లి చూశా. చపాతీ పీటంత ముక్క. బెంచీ చెక్క పగిలింది. పైన తుప్పు పట్టిన చువ్వలు కనిపిస్తున్నాయి. ఆ బెంచీ మీద ఏడో తరగతి పిల్లలు ముగ్గురు కూర్చుంటారు.

ఇంటికొచ్చి యాప్ తెరిచా. ఆ గది ఫిర్యాదు అందులో ఉంది. నవంబరులో ఒక మేడం ఫొటోతో సహా పెట్టారు. 'సీలింగ్ మీద తడి మచ్చ.' దాని పక్కన ప్రాధాన్యం: తక్కువ. ఆ మాట ఎంచింది నేనే. వానలు లేవు కదా, మచ్చే కదా అనుకున్నా. ఎనిమిది నెలలు ఆ మాట అట్లాగే ఉంది.

నేను కంప్యూటర్ సైన్స్ వాడిని. కాంక్రీటు గురించి తర్వాత చదివి తెలుసుకున్నా. తేమ చువ్వ దాకా చేరితే ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. లోపలి నుంచి కాంక్రీటును నెడుతుంది. బయటికి మాత్రం ఒక మచ్చ, తర్వాత సన్నని గీత కనిపిస్తాయి. ఆ తర్వాత పెచ్చు.

అదే నెల 25న టీవీలో వార్త. రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీలో సర్కారు బడి పైకప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. అమ్మ అన్నం కలుపుతూ ఆగిపోయింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఇది పేద రాష్ట్రాల సమస్య మాత్రమే అనుకుందామంటే, 2023 ఆగస్టు 31న ఇంగ్లండ్‌లో పాత తేలిక రకం కాంక్రీటు ఎప్పుడు కూలుతుందో తెలియదని వందకు పైగా బళ్లలో ఆ భాగాలను వాడొద్దని చెప్పారు. సెలవులు ముగిసి పిల్లలు వచ్చే ముందురోజుల్లో. ఎక్కడైనా భవనం మనకు ముందే చెబుతుంది. వినే మనిషి ఉండాలి, అంతే.

సారు వెంటనే ఆ గదికి తాళం వేసి పిల్లల్ని వరండాలోకి మార్చారు. ఈసారి లెటరుతో పాటు ఫొటోలు, నవంబరు నాటి తేదీ కూడా పెట్టాం. నా యాప్ ఉపయోగపడింది అక్కడే. ఏఈ గారు వచ్చారు. నిచ్చెన వేసుకుని స్లాబు పైకెక్కి చూసి, "నీళ్లు పోయే పైపు మూసుకుపోయింది" అన్నారు. వేపాకులు, చాక్లెట్ కాగితాలు, ఒక రబ్బరు బంతి. వానాకాలమంతా నీళ్లు స్లాబు మీదే నిలిచాయి. వానలకు ముందు ఒక మనిషి అరగంట పైకెక్కి ఊడిస్తే ఇంతదాకా వచ్చేది కాదు.

ఆ ఆదివారం అమ్మ ఇరవై రూపాయల లాంగ్ నోట్‌బుక్ తెచ్చింది. గీతలు నన్ను గీయమంది. మూడు భాగాలు. మొదటిది 'ఇయ్యాల్నే': గొళ్లెం, నల్లా వాషరు, బల్బు, స్విచ్చు, మూసుకుపోయిన కాలువ. ఇవి సారు సంతకంతో బడి గ్రాంటులోంచి, రసీదు అంటించి. రెండోది 'ఈ నెల': తలుపు, ఫ్యాన్, మోటారు స్టార్టరు. కమిటీ తీర్మానం రాసి చేయించాలి. మూడోది 'ఇంజినీరు సారు': మచ్చ, పగులు, చువ్వ, కరెంటు వైరింగ్. వీటిని మనం ముట్టుకోవద్దు, ఆ రోజే లెటరు పోవాలి, గది వాడాలా వద్దా సారు అప్పుడే చెప్పాలి.

స్టాఫ్ రూమ్ బీరువాలో ఒక పాత రేకు డబ్బా పెట్టాం. అందులో ఆరు గొళ్లాలు, ఒక డజను వాషర్లు, టెఫ్లాన్ టేపు, స్క్రూలు, రెండు నల్లాలు, ఒక స్క్రూడ్రైవరు. మొత్తం వెయ్యి రూపాయలు కూడా కాలేదు. గదులు ఊడ్చే అక్కకు వాషరు మార్చడం అమ్మే నేర్పింది. సెకనుకు ఒక చుక్క కారే నల్లా రోజుకు 20 లీటర్ల దాకా పోగొడుతుందని నేను లెక్కకట్టి చెబితే, "రెండు బిందెలు అనవయ్యా, సమజయితది" అంది అక్క. ట్యాంకర్ కోసం లైన్లో నిలబడిన బస్తీ మాది. ఆ లెక్క అందరికీ అర్థమైంది.

ప్రతి నెలా మొదటి శనివారం అమ్మ, సారు, ఇద్దరు తల్లులు, ఎనిమిదో తరగతి ఆడపిల్ల ఒకరు బడంతా తిరుగుతారు. ఆ పిల్లను చేర్చమన్నది మా చెల్లి. ఇప్పుడు దానికి పెళ్లయి కరీంనగర్‌లో ఉంటోంది. ఫోన్లో అంతా విని, "బాత్‌రూమ్ సంగతి మగ సార్లకు చెప్పరు అన్నయ్యా. పిల్లను పెట్టండి" అంది. మొదటి నెల ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. రెండో నెల, రెండో బాత్‌రూమ్ తలుపు కింద చెక్క కుళ్లి సందు పడిందని మెల్లగా అమ్మ చెవిలో చెప్పింది. ఇన్నాళ్లూ యాప్‌లో కానీ, లెటర్లలో కానీ ఆ సందు రాలేదు.

దసరా సెలవుల్లో ఆరో గదికి మరమ్మతు జరిగింది. చువ్వల తుప్పు గీకి, మందు పూసి, కొత్తగా కాంక్రీటు పట్టించారు. పక్క గది ఎస్టిమేట్ ఇంకా పైనే ఉంది. ఆ గదికి తాళమే. పుస్తకంలో ఆ వరుస ఎదుట అమ్మ ప్రతి నెలా కొత్త తేదీ వేసి, మళ్లీ లెటరు పెట్టిస్తోంది. ఇది గెలిచిన కథ అని నేను చెప్పలేను.

యాప్ తీసేయలేదు. పుస్తకం పేజీల ఫొటోలు దాచడానికి వాడుతున్నాం. ప్రాధాన్యం అనే గడి మాత్రం తీసేశా. దాని బదులు రెండు గడులు పెట్టా: ఎవరు చేస్తారు, ఏ రోజు చూశారు.

మీ వీధిలోనూ ఒక సర్కారు బడో, అంగన్‌వాడీయో, ఆరోగ్య కేంద్రమో ఉండే ఉంటుంది. పెద్ద విరాళాలు ఇవ్వలేకపోయినా, వానలకు ముందు ఆ స్లాబు మీది నీళ్ల పైపు ఎవరైనా చూశారా అని ఒక్కసారి అడిగి చూడండి.

మొన్న శనివారం అమ్మ వెంట నేను కూడా వెళ్లా. మధ్యాహ్నం గంట కొట్టారు. వరండాలో ఆడపిల్లలు నీళ్ల సీసాలు ఎత్తి గటగటా తాగుతున్నారు. ఒక పిల్ల సీసా ఖాళీ చేసి, మళ్లీ నింపుకోవడానికి నల్లా దగ్గరికి పరుగెత్తింది. అమ్మ ఆ పిల్లనే చూస్తూ నిలబడింది. తర్వాత పుస్తకం తీసి, "మూడో నల్లా జర గట్టిగున్నది, రాయి" అంది.