127 పళ్ళ చక్రం

మన తీరంలో మరపడవల వేటకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం. అంచేత జూన్ 13 సాయంకాలం మా లేతు షాపు ముందు ఆటో ఆగిందంటే అందులో ఏ కృష్ణపట్నం పడవ సరుకో ఉన్నదన్నమాటే. ఆ ఏడు వచ్చింది కొత్త షాఫ్టు. కొసన పంకా నట్టు ఎక్కడానికి మరలు కోయాలి.

"అన్నా, ఎల్లుండి తెల్లారేసరికి పడవ నీళ్ళల్లో ఉండాల. రెండు నెలల్నించి అప్పుతోనే పొయ్యి వెలిగేది" అన్నాడు పడవ ఆసామి.

మేస్త్రి ఏదో పెళ్ళికి వెళ్ళాడు. "రేపు సాయంత్రానికి ఇస్తా" అనేశాను. నాకప్పటికి మూడేళ్ళ అనుభవం, అహంకారం పదేళ్ళది.

నట్టు 24 మిల్లీమీటర్లది, మరకూ మరకూ నడుమ 3 మిల్లీమీటర్లు. మా లేతు చూస్తే అంగుళాలది. మన దేశంలో అణాలు పోయి నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి గాని, పాత లేతుల లీడ్ స్క్రూలకు ఆ కబురు అందలేదు. మాదానికి అంగుళానికి 4 మరలు, అంటే ఒక్కొక్కటి 6.35 మిల్లీమీటర్లు. ఈ రెంటికీ సంధి కుదిర్చేది 127 పళ్ళ చక్రం. అంగుళం సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు, దాన్ని అయిదుతో హెచ్చిస్తే 127. స్పిండిలు వైపు 60 పళ్ళది, లీడ్ స్క్రూకు 127 పళ్ళది తగిలించాను. విట్‌వర్త్ దొర 1841లో చెప్పిన 55 డిగ్రీల ఉలి పక్కన పెట్టి, 60 డిగ్రీలకు వేరే సానబెట్టాను. అంతవరకూ బుద్ధిగానే ఉన్నాను.

మొదటి కోత దివ్యంగా వచ్చింది. అలవాటు కొద్దీ హాఫ్‌నట్టు ఎత్తి, ఉలిని చేత్తో వెనక్కి తెచ్చి, మళ్ళీ వేశాను. అంగుళానికి 8 మరలు కోసేటప్పుడు ఎక్కడ వేసినా గాడిలోనే పడుతుంది, 6.35లో అవి సరిగ్గా రెండు ఇముడుతాయి. 3 మిల్లీమీటర్లవి ఇమడవు. ఉలి రెండు మరల నడినెత్తిన దిగింది. చూసి మిషను ఆపేసరికి షాఫ్టు కొసన రెండు మరలు కలగాపులగం.

ఆ రాత్రి అన్నం సయించలేదు.

పొద్దున్నే మేస్త్రి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "హాఫ్‌నట్టు ఎత్తినావా, అబ్బయా?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నా జీతంలో కొత్త కడ్డీ తెప్పించి, నాచేతనే కోయించాడు. ఉలిని బయటికి లాగడం, మోటారు వెనక్కి తిప్పడం, మళ్ళీ ముందుకు. హాఫ్‌నట్టు మాత్రం చివరిదాకా కదిలించలేదు. సాయంకాలానికి నట్టు వేళ్ళతోనే చివరికంటా ఎక్కింది, లొడలొడ లేదు.

ఆసామి తీసుకుంటూ మూలనున్న పాత షాఫ్టు చూశాడు. "ఇదేంది, రెండుండాయి?"

మేస్త్రి నా వైపు చూశాడు. జరిగింది చెప్పేశాను.

"ఇనుమేగా పోయింది, తమ్ముడా. సముద్రం మీద తెలిసుంటే?" అని షాఫ్టు భుజాన వేసుకున్నాడు.