కాలువ గట్టున ఉదయపు నడక

గోదావరి మీద ధవళేశ్వరం వద్ద కాటన్ దొరగారు 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్టను గూర్చి మన పాఠకులలో చాలామంది వినే ఉంటారు. ఇప్పుడు అక్కడున్నది తరువాత కట్టిన బ్యారేజీ. అక్కడి నుండి తూర్పు డెల్టాకు నీరు తీసుకుపోయే కాలువ వెంబడి వస్తే కడియం, కడియపులంక నర్సరీలు కనిపిస్తాయి. గులాబీలు, చామంతులు, మామిడి అంట్లు, నిమ్మ మొక్కలు లారీలెక్కి దూర రాష్ట్రాలకు పోతుంటాయి. డిసెంబరు, జనవరి నెలలలో ఆ పూలు చూడడానికి ఎక్కడెక్కడి వారో వస్తారు. నేను వ్రాయబోయేది ఆ పూలను గూర్చి కాదు, గట్టు మీది గడ్డిలో కాపురముండే పురుగులను గూర్చి. నవ్వుకోకండి, ప్రియులారా.

మా సంఘం ఆ కాలువకు దిగువనున్న ఒక చిన్న పల్లెలో ఉంది. 2022 నవంబరులో నా భార్య ప్రభువునందు నిద్రించింది. మాది ఇరవై ఒక్క సంవత్సరాల కాపురం. సంఘస్థులు నలభై రోజులు వంతులవారీగా క్యారేజీలు పంపారు. వచ్చిన ప్రతివారూ ఆదరణ మాటలు చెప్పారు. అవి నేను ఎన్నో ఇళ్లలో మంచాల పక్కన నిలబడి చెప్పిన మాటలే. అబద్ధాలు కావు. అయినా చెవిదాకా వచ్చి అక్కడే ఆగిపోయేవి. యోబు స్నేహితులు ఏడు దినాలు నోరెత్తకుండా నేల మీద కూర్చున్నంతవరకు బాగానే ఉంది, నోరు తెరిచిన తరువాతే చిక్కు వచ్చింది. మా ఇంట్లో ఆ ఏడు దినాల పని చేసినది టామీ.

టామీ వీధికుక్క. మిగిలిన అన్నం పెట్టి దాన్ని ఇంటిదాన్ని చేసింది మా ఇంటావిడే. తెల్లవారుజామున పాలకేంద్రానికి వెళ్తూ దాన్ని వెంటబెట్టుకొని పోయేది. ఆమె లేకపోయినా అది అయిదింటికల్లా తలుపు గీకేది. లేవక తప్పేది కాదు. కుక్కతో నడిచేవారికి తెలుసు, ఆ నడక మన ఇష్టప్రకారం సాగదు. అది వాసన చూడడానికి ఆగినచోటల్లా మనమూ ఆగాలి. సామెతల గ్రంథకర్త సోమరిని చీమ దగ్గరకు పంపాడు. నన్ను చీమ దగ్గరకు పంపినది ఈ కుక్క.

గట్టు పక్కన ఒక మామిడి చెట్టు కింద అది ఎంతకూ కదలలేదు. పైకి చూస్తే ఎర్రచీమలు ఆకులను దగ్గరకు లాగి గూడు కుడుతున్నాయి. కుట్టడానికి దారం పెద్ద చీమల దగ్గర ఉండదు. అవి తమ పిల్లపురుగులను నోట కరచుకొని ఈ ఆకు అంచు నుండి ఆ ఆకు అంచుకు తిప్పుతాయి. పిల్లపురుగు నోటి నుండి పట్టుదారం వస్తుంది. జేబులో ఉన్న ఫోనుతో ఫోటో తీశాను. అంతకు మునుపు ఆ ఫోనుతో తీసినవి పెళ్లిళ్లు, బాప్తిస్మాలు మాత్రమే.

పురుగులను ఫోటో తీయాలంటే వేకువ సమయమే మంచిది. చలికి, మంచుకు వాటి ఒళ్లు బిగుసుకొని ఉంటుంది, వెంటనే ఎగరలేవు. మన నీడ వాటి మీద పడకూడదు. మోకాళ్లూనాలి. ఊపిరి బిగబట్టాలి. ఊపిరి బిగబట్టిన ఆ నాలుగు క్షణాలు నేను ఏమీ తలచుకోలేదని ఇంటికి వచ్చాక గమనించాను. దుఃఖంలో ఉన్నవారికి నాలుగు క్షణాలు తక్కువేమీ కాదు.

అక్టోబరులో కాలువ మీద తూనీగలు మేఘంలా తిరుగుతాయి. వాటిలో పసుపు గోధుమ రంగుది ఒకటుంది. మాల్దీవులలో ఉంటూ ఆ జాతిని గమనించిన చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రజ్ఞుడు, అవి మన దేశం నుండి సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా వరకు పోతాయని 2009లో ప్రకటించారు. వెళ్లిన తూనీగ మరలా రాదు, తిరిగి వచ్చేవి దాని సంతానం. మా కాలువ మీది తూనీగ అంత దూరం పోతుందని నేననడం లేదు. జాతి మాత్రం అదే.

మా అమ్మాయి విశాఖపట్నంలో హాస్టలులో ఉండి నర్సింగు చదువుతోంది. తల్లి పోయిన తరువాత మా ఇద్దరి మధ్య ఫోనులో రెండే మాటలు: తిన్నావా? తిన్నాను. మూడో మాటకు ఇద్దరమూ భయపడేవాళ్లం. ఒకనాడు ఆ చీమల ఫోటో ఆమెకు పంపాను. "నాన్నా, నోట్లో పట్టుకున్నది ఏమిటి?" అని అడిగింది. అరగంట మాట్లాడుకున్నాం.

తరువాత నిమ్మ మొక్క సంగతి వచ్చింది. మా ఇంటావిడ కడియం నుండి తెచ్చి పెరట్లో నాటినది. దాని మీద పిట్ట రెట్టలా ఉండే చిన్న గొంగళిపురుగులు కనబడ్డాయి. ఆమె ఉంటే ఏరి కోళ్లకు వేసేది. నేను ఫోటో తీసి అమ్మాయిని అడిగాను. "అమ్మ మొక్క నాన్నా" అంది. కాసేపాగి "ఉండనీ" అంది. పురుగులు పెరిగి ఆకుపచ్చగా మారాయి. ముట్టుకుంటే తల వెనుక నుండి ఎర్రని కొమ్ములు చాచి ఘాటైన వాసన వదిలాయి. ఒకటి నడుముకు సన్నని దారం కట్టుకొని కొమ్మకు ఆనుకుంది. వారం దాటాక ఆ గూడు నల్లబడింది. మరునాటి ఉదయం నలుపు పసుపు మచ్చల సీతాకోకచిలుక దాని పక్కన రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

ఈస్టరు ప్రసంగాలలో ఈ ఉపమానం తరచు వింటుంటాం. దగ్గరుండి చూసిన తరువాత అది నాకు రుచించడం లేదు. గూటిలోని పురుగు చనిపోలేదు, లోపల బ్రతికే ఉంది. నా భార్య చనిపోయింది. ఆ రెంటినీ ఒకటి చేస్తే దుఃఖించేవారికి మేలు కలుగదని నా అభిప్రాయం. మన నిరీక్షణ ఖాళీ సమాధి మీద ఉంది. సీతాకోకచిలుకను సీతాకోకచిలుకగానే చూడవచ్చు, అదే ఎంతో అందమైనది.

వేసవిలో కాలువ కట్టేశాక అమ్మాయి సెలవులకు వచ్చింది. టామీతో ఎండిన కాలువలోకి దిగి, రెల్లు కాడకు అంటుకొని ఉన్న తూనీగ పొర ఒకటి తెచ్చింది. నీటిలో పెరిగిన పిల్ల పైకి పాకి విడిచిపోయినది, కాళ్లు, కళ్లు అన్నీ ఉన్నాయి. అగ్గిపెట్టెలో దూది వేసి దాన్ని వాళ్లమ్మ కుట్టుమిషను మీద పెట్టింది. అన్ని నెలలుగా మేమిద్దరమూ ఆ మిషను మీది గుడ్డ తీయలేదు. ఆ సాయంత్రం అమ్మాయి నూనె డబ్బా అడిగింది.