మందు అంటే ఏ మందు?

మా ఊళ్లో ఎవరైనా నా ఉద్యోగం గురించి అడిగితే "కంప్యూటర్లో" అని చెప్పి ఊరుకుంటా. దాచాలని కాదు. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని, ఎవరో రాసిన వార్త కింద ఇంకెవరో ఇచ్చిన ప్రకటన అతికిస్తుంటానని చెబితే, "దానికి బీటెక్ ఎందుకురా?" అంటారు. ఆ మాటా నిజమే. మా తాతల కాలంలో సత్తెనపల్లి నుంచి సైకిలేసుకుని వచ్చి ఊరి గోడల మీద సినిమా పోస్టర్లు అంటించే మనిషి చేసింది కూడా ఇదే పని. కాకపోతే ఏ గోడ మీద ఏది అంటించాలో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. బడి గోడ మీద పెద్దలకు మాత్రమే అనే సినిమా పోస్టర్ అంటించేవాడు కాదట. చావు జరిగిన ఇంటి గోడ జోలికి అసలు వెళ్లేవాడు కాదట. ఆ తెలివి కంప్యూటర్‌కి నేర్పడమే నా ఉద్యోగం.

ఫోన్లో కనిపించే ప్రకటనలు ముఖ్యంగా రెండు రకాలుగా వస్తాయి. మీరు నిన్న ఫ్రిజ్ చూశారని ఇవాళ రోజంతా ఫ్రిజ్‌లు మీ వెంట పడుతుంటాయి చూడండి, అది ఒక రకం. చదివే మనిషి ఎవరు, ఏం కొనేలా ఉన్నాడు అని చూసి పెట్టేవి. రెండో రకంలో మనిషితో పనిలేదు. మీరు చదువుతున్న పేజీలో ఏముందో చూసి దానికి సరిపడే ప్రకటన పెడతారు. గూగుల్ వాళ్లు 2003లో యాడ్‌సెన్స్ పేరుతో దీన్ని పెద్ద ఎత్తున మొదలుపెట్టారు. తెలుగు పేజీలకు ఆ వసతి 2018లో వచ్చింది. మా టీమ్ చేసేది ఈ రెండో రకమే, తెలుగు వార్తల పేజీల కోసం.

చేరిన కొత్తలో నాకు ఇచ్చిన మొదటి ఫిర్యాదు ఇంకా గుర్తుంది. సొరకాయ పచ్చడి ఎలా చేయాలో చెప్పే పేజీలో కారు ఇన్సూరెన్స్ ప్రకటన వస్తోంది. ఎందుకొస్తోందో అర్థం కాక ఒక పూటంతా కొట్టుకున్నా. చివరికి తేలిందేమిటంటే, పచ్చడి రాసిన భాగం ఎనిమిది లైన్లే. దాని చుట్టూ 'ఇవి కూడా చదవండి' అంటూ పాతిక వార్తల శీర్షికలు, అందులో సగం రోడ్డు ప్రమాదాలు. మా ప్రోగ్రామ్ పేజీ మొత్తాన్నీ ఒకే తీరుగా చదివి, ఇది ప్రమాదాల పేజీ అనుకుంది. పచ్చడి ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో గుర్తులు పెట్టి, "ఈ మధ్యలో ఉన్నది మాత్రమే చదువు, మిగతాది వదిలెయ్" అని చెప్పాం. మర్నాడే ఆ పేజీలో మిక్సీ ప్రకటన వచ్చింది. చిన్న పనే. కానీ ఆ రోజు క్యాంటీన్లో టీమ్ అందరికీ సమోసాలు నేనే ఇప్పించా.

ఇక మాటల సంగతి. పేజీలో ఏ మాట ముఖ్యమో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? 1972లో కేంబ్రిడ్జ్‌లో కరెన్ స్పార్క్ జోన్స్ అనే ఆవిడ చెప్పిన ఒక సూత్రం మీదే ఇప్పటికీ చాలా బండి నడుస్తోంది. అన్ని పేజీల్లోనూ కనిపించే మాటకి విలువ తక్కువ, కొన్ని పేజీల్లోనే కనిపించే మాటకి విలువ ఎక్కువ. 'అని', 'కానీ', 'చెప్పారు' లాంటివి ప్రతి వార్తలోనూ ఉంటాయి, వాటితో లాభం లేదు. 'పత్తి' ఉందంటే లెక్కలోకి తీసుకోవాలి. అయితే ఇంగ్లిష్‌లో కాటన్ ఎక్కడున్నా కాటనే. మన దగ్గర పత్తిని, పత్తికి, పత్తిలో, పత్తైతే, పత్తేగా... ఇవన్నీ ఒకే మాట అని కంప్యూటర్‌కి విడమరిచి చెప్పాలి. చిన్నప్పుడు విభక్తులు, సంధులు ఎందుకు చెబుతున్నారో తెలియక తెలుగు క్లాసులో నిద్రపోయినవాణ్ణి. ఇప్పుడు జీతం తీసుకుని అవే చదువుతున్నా.

దానికంటే పెద్ద తలనొప్పి, ఒకే మాటకి నాలుగు అర్థాలు ఉండటం. 'మందు' తీసుకోండి. జ్వరానికి మందు. చేలో కొట్టే మందు. సాయంత్రం స్నేహితులతో కూర్చుని తాగే మందు. దీపావళి టపాకాయలో కూరే మందు. అత్తగారి దృష్టిలో కోడలు కొడుక్కి పెట్టే మందు ఇంకొకటి. "మందు కొట్టి వచ్చాడు" అనే మాట మా ఊళ్లో పొద్దున పదింటికి అంటే ఒక అర్థం, రాత్రి పదింటికి అంటే ఇంకో అర్థం. హైదరాబాద్‌లో అయితే ఎప్పుడన్నా రెండో అర్థమే.

మా టీమ్‌లో పల్లెటూరి నుంచి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే మందు నా వాటాకి వచ్చింది. పక్కన ఏ మాటలున్నాయో చూసి అర్థం తేల్చేలా చేశా. ఎకరా, పైరు, పిచికారీ, గులాబీ రంగు పురుగు ఉంటే అది చేలో మందు. డాక్టర్, పరగడుపున, మాత్ర ఉంటే ఒంటికి మందు. పోలీసులు, బండి, అర్ధరాత్రి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. దీని మీద దాదాపు నెల కూర్చున్నా. పత్తిలో పురుగు గురించి శాస్త్రవేత్తల సలహాలుండే పేజీలో పురుగుమందు ప్రకటన వచ్చి నిలబడితే, పదేళ్లు పత్తి చేల గట్ల మీద తిరిగినవాడిగా నాకు గర్వంగా అనిపించింది. ఇంతకుముందు అక్కడ చీరల ప్రకటన వచ్చేది.

ఆ తర్వాత పత్తి తీతల రోజుల్లో ఒక రాత్రి మా పిన్ని ఫోన్ చేసింది.

పిన్ని గురించి చెప్పాలంటే ముందు బాబాయి గురించి చెప్పాలి. నేను పదో తరగతిలో ఉండగా బాబాయి పోయాడు. నాలుగెకరాలు కౌలుకి తీసుకుని పత్తి వేశాడు. విత్తనాలు, మందులు అన్నీ ఒకే కొట్లో అరువు. పంటొచ్చాక ఇస్తానని ఖాతా. రెండేళ్లు వరసగా పంట రాలేదు, ఖాతా మాత్రం పెరిగింది. ఎలా పోయాడో ఊరందరికీ తెలుసు. ఇంట్లో మాత్రం మేమెవరం ఆ మాట పూర్తిగా అనం. "బాబాయి పోయినప్పుడు" అంటాం, అక్కడితో ఆపేస్తాం. పిన్ని ఆ తర్వాత పొలం వదిలేసి, కూలికి వెళ్లి, మా తమ్ముణ్ణి డిగ్రీ దాకా చదివించింది.

"తిన్నావా నాన్నా?" అంది ఎప్పటిలాగే. తిన్నానన్నా. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, తర్వాత అంది. "పక్కూళ్లో ఒకబ్బాయి... నిన్న. ముప్పై కూడా లేవంట. ఫోన్లో వచ్చిందని తమ్ముడు చదివి వినిపించాడు. ఆ వార్త కిందే మందు డబ్బా బొమ్మరా. ఒక రైతు దాన్ని చేత్తో పట్టుకుని నవ్వుతా ఉన్నాడు. ఎవడ్రా ఆ బొమ్మ తెచ్చి అక్కడ పెట్టింది?"

నాకు నోట మాట రాలేదు. "కావాలని ఎవరూ పెట్టరు పిన్నీ. కంప్యూటరే పెడుతుంది" అన్నా చివరికి.

"ఆ కంప్యూటర్‌కి చెప్పేవాడు ఒకడుంటాడుగా" అంది పిన్ని.

నన్ను అనలేదు. నేనేం చేస్తానో తనకి తెలియదు. ఫోన్ పెట్టేశాక లాప్‌టాప్ తీసి ఆ పేజీ వెతికా. మేం చూసే సైటే. ప్రకటన మా దారినే వెళ్లింది. ప్రోగ్రామ్ ఎందుకు అది ఎంచుకుందో కారణాలు చూస్తే వరసగా ఉన్నాయి: పత్తి, కౌలు, ఎకరాలు, పురుగు, మందు. ఐదూ నేను నేర్పినవే. ఒక్కటీ తప్పు చదవలేదు. ఆ మందు ఏ మందో కూడా సరిగ్గానే పోల్చుకుంది. తప్పు జరిగిందని చెప్పడానికి నా దగ్గరున్న ఏ పరీక్షలోనూ అది తప్పుగా కనిపించదు.

ఈ రంగంలో ఇలాంటివి మొదట్నుంచీ ఉన్నాయి. 2003లోనే న్యూయార్క్ పత్రిక ఒకదాని వెబ్‌సైట్‌లో సూట్‌కేసులో శవం దొరికిన వార్త పక్కన సూట్‌కేసుల ప్రకటన వచ్చింది. ట్రైనింగ్‌లో దాన్ని చెప్పినప్పుడు అందరం నవ్వాం. నేనూ నవ్వా.

మర్నాడు ఆఫీసులో మా మేనేజర్ దగ్గరికి వెళ్లా. ఆయన మంచివాడే, కానీ ఆయన లెక్కలు ఆయనకుంటాయి. ఒక పేజీలో ప్రకటన తీసేస్తే ఆ పేజీకి డబ్బులు రావు. పిన్ని సంగతి, బాబాయి సంగతి నేను ఎత్తలేదు. ఎందుకో ఆ గదిలో చెప్పబుద్ధి కాలేదు. "ఈ పేజీ ఫొటో తీసి ఎవరైనా ఫేస్‌బుక్‌లో పెడితే, పోయేది మందుల కంపెనీ పేరు. వాళ్లు మనకి ప్రకటనలివ్వడం మానేస్తారు" అన్నా. రెండు నిమిషాల్లో ఒప్పుకున్నారు. సులువుగా ఒప్పుకున్నారని సంతోషించాలో, ఆ కారణానికి ఒప్పుకున్నారని బాధపడాలో నాకిప్పటికీ తెలీదు.

'ఆత్మహత్య' అనే మాట ఉన్న పేజీలన్నీ ఆపేస్తే సరిపోతుందన్నారు టీమ్‌లో. పాత వార్తలు ముందేసుకుని ఒక శని, ఆదివారాలు కూర్చున్నాక అర్థమైంది, మన విలేకరులు ఆ మాట రాయకుండానే ఆ సంగతి ఎన్ని రకాలుగా రాస్తారో. బలవన్మరణం. అఘాయిత్యం. తనువు చాలించాడు. ప్రాణం తీసుకున్నాడు. అప్పులు ఉసురు తీశాయి. మనస్తాపంతో, జీవితంపై విరక్తితో. మేం ఇంట్లో "పోయాడు" అని ఆపేసినట్టే పత్రికలూ ఏదో ఒక మాట అడ్డం పెట్టుకుంటాయి. ఆ జాబితా రాస్తుంటే ఎవరెవరి ఇళ్లలోంచో వస్తున్న మాటల్లా ఉన్నాయవి. మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లి టీ తాగొచ్చా.

అటువైపు ఇంకో చిక్కు. ఫలానా పార్టీతో పొత్తు ఆత్మహత్యాసదృశమని ఒక నాయకుడు అంటాడు. ఆ పేజీలోనూ ప్రకటనలు ఆగిపోతాయి. సినిమా ఆడలేదని హీరో మనస్తాపం చెందితే అక్కడా ఆగిపోతాయి. మాటని పట్టుకుని గుడ్డిగా ఆపితే ఏమవుతుందో 2020లో చూశాం. ప్రకటనలిచ్చేవాళ్లు కరోనా అనే మాట ఉన్న పేజీలు వద్దన్నారు. జనం అందరూ చదువుతున్నవే ఆ వార్తలు. పత్రికల ఆదాయం ఎక్కడికక్కడ పడిపోయింది. అందుకని ఒక్కో మాటకీ కాక, రెండు మూడు మాటలు దగ్గరదగ్గరగా వస్తేనే ఆపేలా రాశాం. వయసు, ఊరు పేరు, కుటుంబసభ్యులు, ఆస్పత్రి. ఇవి పక్కనుంటే అది నాయకుడి ఉపన్యాసం కాదు. గులాబీ రంగు పురుగు సలహాల పేజీలో మందు ప్రకటన మాత్రం ఎప్పటిలాగే వస్తుంది. అక్కడ అది రైతుకి పనికొచ్చేదే.

ప్రకటన తీసేశాక అక్కడ తెల్లటి గడి మిగిలింది. ఖాళీగా ఉంటే పేజీ పాడైనట్టు కనిపిస్తోందని డిజైన్ వాళ్లు గొడవ. అప్పుడు తట్టింది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. రాత్రీ పగలూ తీస్తారు, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ గడిలో అదే పెడదామన్నా. ఎవరూ కాదనలేదు. నాలుగు మాటలు రాసిమ్మన్నారు. మొదట "మానసిక ఒత్తిడికి లోనవుతున్నారా?" అని రాశా. చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. మా ఊళ్లో ఒత్తిడికి లోనైన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. 'మనసు బాగోలేదు' అంటారు, అంతే. చివరికి "మనసు బాగోలేదా? ఒకరితో మాట్లాడండి. 14416. డబ్బులు పడవు" అని రాశా. 'డబ్బులు పడవు' అనేది బాగోలేదు, 'ఉచితం' అని మారుద్దామన్నారు. మార్చనివ్వలేదు.

ఇప్పటికీ తప్పులు వస్తుంటాయి. మొన్న మందు తాగి బండి నడిపి దొరికినవాళ్ల వార్త కింద మా గడి వచ్చింది. టెస్టింగ్ అమ్మాయి ఫొటో తీసి పంపి, దీన్ని సరిచేయమంది. తొందర లేనివాటి జాబితాలో వేశా. ఇంకా అక్కడే ఉంది.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు పిన్నికి చెప్పేశా. అరిసెలు వత్తుతూ అంతా వింది. ఆ బొమ్మ పెట్టింది నేనే అన్నప్పుడు తలెత్తి చూసింది కానీ ఏమీ అనలేదు. ఫోన్ తీసి ఇప్పుడు ఏం వస్తుందో చూపించా. పిండి చేత్తో ఫోన్ ముట్టుకోకుండా, మెడ వంచి చూసింది. తమ్ముణ్ణి చదవమంది. చదివాడు.

"మీ బాబాయి ఉన్నప్పుడు ఇది లేదుగా?"

"లేదు పిన్నీ."

ఇంకో రెండు అరిసెలు నూనెలో వేసింది. అవి పొంగాక తమ్ముణ్ణి పిలిచి, ఆ నంబర్ గోడ మీద క్యాలెండర్‌లో రాయమంది. పాల లెక్క కింద, గ్యాస్ బుకింగ్ నంబర్ పక్కన కాస్త చోటుంటే అక్కడ రాశాడు.