ఖాళీ టైములోనే

నరసాపురంలో లేసు అల్లే స్త్రీల మాటలు రికార్డు చేసుకున్నాను. ఇదివరకు మౌస్‌తో ఆపుకుంటూ జవాబులు మాత్రమే రాసుకునేదాన్ని. ఈసారి యుఎస్‌బి ఫుట్ పెడల్ కొన్నాను. కంప్యూటర్‌కి తగిలించగానే ఏమీ జరగలేదు. ఎక్స్‌ప్రెస్ స్క్రైబ్‌లో ఎడమ పెడల్ వెనక్కి, మధ్యది వినడానికి, కుడిది ముందుకి అని చెప్పాక పనిచేసింది. కాలు తీసినప్పుడల్లా మాట ఆగి రెండు సెకన్లు వెనక్కి వెళ్ళేలా పెట్టుకున్నాను.

ఆ రెండు సెకన్లే నన్ను పట్టించాయి. "ఖాళీ టైములోనే అల్లుతానమ్మా" అన్న పెద్దావిడ మాట నా నోట్సులో ఎప్పట్నుంచో ఉంది. దానికి ముందున్న నా గొంతు ఇప్పుడు వినబడింది: "మామ్మగారూ, ఖాళీ టైములో అల్లుతారా?" ఆ మాట ఆవిడకి అందించింది నేనే.

లేసు పనిని గృహిణుల తీరిక వేళ వ్యాపకంగా చూడడం వల్లే అది శ్రమగా లెక్కకు రాకుండా పోతోందని మరియా మీస్ 1982లోనే, ఈ నరసాపురం స్త్రీల మీద రాసిన పుస్తకంలో చెప్పింది. చదివాను, నా థీసిస్‌లో ఉటంకించాను. అయినా అలాగే అడిగాను.

మాట్లాడినంతసేపూ ఆవిడ చేతులు ఆగలేదు. ఇప్పుడు జవాబు పైన నా ప్రశ్న కూడా రాశాను. మళ్ళీ వెళ్ళాలి. రోజుకి ఎన్ని గంటలు అల్లుతారో అడగాలి.